బెల్లు మోగే ఇంట్లో కథ రాయడం

అమ్మడూ,

నీ వాట్సాప్ మెసేజ్ మూడుసార్లు చదివాను. పెళ్లికి ముందు నెలకో కథ రాసేదాన్ని, పెళ్లయ్యాక ఒక్కటీ పూర్తి కాలేదు, ఇక నా వల్ల కాదేమో పెద్దమ్మా అన్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను. పైగా మీ పెదనాన్న పక్కనే కూర్చుని నా మాటలు సరిదిద్దుతుంటారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక మాట, కోపం తెచ్చుకోకు. పెళ్లికి ముందు రాసినట్టు నువ్వింక రాయలేవు. రాత్రి తొమ్మిదింటికి టేబుల్ ముందు కూర్చుని పన్నెండింటికి లేవడం ఫైర్ స్టేషన్ డ్యూటీ చేసేవాడి ఇంట్లో జరిగే పని కాదు. ఆ టైమ్‌టేబుల్ కోసం నేను మూడేళ్లు మీ పెదనాన్నతో, మా అత్తగారితో, చివరికి చంటిపిల్లతో కూడా పోట్లాడాను. ఆ మూడేళ్లలో ఒక్క కథ కూడా బయటికి రాలేదు. ఇక దాన్ని వదిలేసి, స్టేషన్ ఎలా నడిస్తే నేనూ అలాగే నడుద్దాం అనుకున్నాక మళ్లీ చేయి ఆడింది.

మార్చి వస్తే ఇంట్లో మగమనిషి లేడనే లెక్క వేసుకో. పూరిళ్లు, గడ్డివాములు, చెత్తకుప్పలు, ట్రాన్స్‌ఫార్మర్లు, రోహిణి కార్తె దాకా కాల్ మీద కాల్. మధ్యలో ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో ఆ రోజునే బొంబాయి రేవులో పేలుడు సామాను ఉన్న ఓడ పేలిపోయి, మంటలార్పడానికి వెళ్లినవాళ్లు ఎంతోమంది పోయారు. వాళ్లను తలుచుకునే వారం అది. అల్లుడు బడుల చుట్టూ, అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరిగి, సిలిండర్ మంటను తడి గోనెసంచితో ఎలా ఆర్పాలో చూపించి, గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తాడు. ఈ నెలల్లో పెద్ద పని ఏదీ ఎత్తుకోకు. విన్న మాట, చూసిన మనిషి, ఏదో ఒకటి నాలుగు లైన్లు రాసి పడెయ్. నేను గోడ క్యాలెండర్‌లో అయిపోయిన నెల చించేసి, దాని వెనక రాసేదాన్ని. అటక మీద ఇప్పటికీ ఒక కట్ట ఉంది.

జూన్ నెలాఖరులో రెండు గట్టి వానలు పడ్డాయంటే నీ సీజన్ మొదలైనట్టు. వినాయక చవితి నిమజ్జనాల స్టాండ్‌బై మొదలయ్యేదాకా, వరదలు రాకపోతే, కాల్స్ తక్కువగా ఉంటాయి. ఏడాదిలో నీ చేతికొచ్చే పెద్ద కథ అప్పుడే రావాలి. దీపావళి సంచికలకు పంపాలనుకుంటే ఎలాగూ ముందుగానే పంపాలి. పండగ దగ్గరికొచ్చాక టపాకాయల దుకాణాల దగ్గర అల్లుడికి కాపలా, నీకు పిండివంటలు, పిల్లాడికి చెవుల్లో దూది. అప్పుడు కథ మాట తలపెట్టొద్దు.

రోజులో టైమ్ ఎక్కడిది అని అడిగావు. నాకు దొరికిన చోటు చెబుతాను. రాత్రంతా మంటల దగ్గరుండి పొద్దున ఇంటికొచ్చి, ఇంత పెరుగన్నం తిని మీ పెదనాన్న పడుకునేవారు. ఆయన లేచేదాకా ఇంట్లో చప్పుడు ఉండకూడదు. కుక్కర్ పెట్టేదాన్ని కాదు, విజిల్ వేస్తుందని. బట్టలు బండకేసి కొట్టకూడదు, మిక్సీ వేయకూడదు, పక్కింటావిడ గుమ్మంలో నిలబడి కబుర్లాడకూడదు. చాలా ఏళ్లు ఆ మూడు గంటలు నాకు జైల్లా ఉండేవి. ఒకరోజు కాళ్లు చాపుకుని గోడకానుకుని కూర్చున్నదాన్ని, ఎందుకో క్యాలెండర్ కాగితాలు ముందేసుకున్నాను. ఇంట్లో అందరూ నోరు మూసుకుని ఉండే టైమ్ కథలు రాసేవాళ్లకి ఎవరికి దొరుకుతుంది చెప్పు! మా అత్తగారు కూడా గుడికి పోయేవారు. అలా ఆయన నిద్రలో నేను ఎన్ని కథలు రాశానో ఆయనకే తెలియదు. నీ పిల్లాడిని ఆ పూట అంగన్‌వాడీకి పంపు, ఫోన్ వేరే గదిలో పెట్టు. వంట అంతకు ముందే కానిచ్చెయ్.

దీనికి తిరగేసినది ఇంకొకటి. అల్లుడు కాల్ మీద వెళ్లినప్పుడు కొత్తగా ఏదీ రాయడానికి కూర్చోకు. క్వార్టర్స్‌లో ఉన్నావు కదా, బెల్లు నీకూ వినిపిస్తుంది. బండి గేటు దాటాక చేతులు కాసేపు వణుకుతాయి. ఎంత అనుభవమున్నా వణుకుతాయి, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఆ టెన్షన్‌లో రాసినదంతా నాకు మర్నాడు చెత్తగానే కనిపించింది. అందుకని ఆ టైమ్‌లో ఫెయిర్ కాపీ రాసేదాన్ని. అచ్చుకి పంపాలంటే కాగితానికి ఒకవైపే రాయాలనేవారు మా రోజుల్లో, తిరుగు టపాకు స్టాంపులతో కవరు జతచేయాలి, ఇది నా సొంత రచన అని హామీపత్రం పెట్టాలి. చేతికి పని, బుర్రకు సెలవు. నీకైతే టైపింగ్ ఉంది, ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకోవడం ఉంది. వాటిని ఆ గంటల కోసం దాచిపెట్టుకో. ఎక్కడున్నావ్, ఏమైంది అని మాత్రం ఫోన్ చేయకు. మంట దగ్గర ఫోన్ ఎత్తలేరు, ఎత్తలేదని నువ్వు ఇంకా భయపడతావు.

రాతకు సంబంధం లేకపోయినా ఇంకో మాట రాస్తాను. అల్లుడి డ్యూటీ బట్టలు పిల్లాడి బట్టలతో కలిపి ఉతకొద్దు. గుంటూరులో ఉన్నప్పుడు ఒకసారి మిర్చి కోల్డ్ స్టోరేజీ అంటుకుంది. రోజుల తరబడి కాలింది. మీ పెదనాన్న గుమ్మంలోకి రాగానే ఇంట్లో అందరికీ దగ్గు. నేను ఆ చొక్కా అందరి బట్టలతో పాటు ఒకే బకెట్లో నానబెట్టాను, మీ అక్క రెండు రోజులు తుమ్ముతూనే ఉంది. ఘాటు కాబట్టి ఆ పొగ తెలిసింది, తెలియని పొగలు ఎన్నో. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం మంటలార్పే ఉద్యోగాన్నే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. భయపెట్టడానికి కాదు, వేరే బకెట్ కొనుక్కోమని చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఎవరికీ పెద్దగా చెప్పనిది.

ఒక వేసవిలో పూరిళ్ల వరస కాలిపోయింది. అందరూ బయటపడ్డాక ఒక ఆడపిల్ల పదో తరగతి సర్టిఫికెట్ల కోసం మళ్లీ లోపలికి పరిగెత్తిందట. ఆ రాత్రి మీ పెదనాన్న బూట్లు విప్పకుండా బాత్రూం మెట్టు మీద కూర్చుని చెప్పారు. ఆ పిల్ల చేతికి ప్లాస్టిక్ కవరు కరిగి అతుక్కుపోయిందని చెప్పి, ఇంకేమీ మాట్లాడలేదు. నేను పది రోజుల్లో కథ రాసేశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, కవరు మాత్రం అలాగే ఉంచాను. అచ్చయింది. మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి, నేను మురిసిపోయాను. ఆయన చదివి పత్రిక మడిచి టీవీ మీద పెట్టారు. మూడో రోజు అన్నం తింటూ అన్నారు, "వాళ్లమ్మ సెంటర్లో నేను కనబడినప్పుడల్లా దణ్ణం పెడుతుంది. ఈ కథ ఎవరైనా చదివి వినిపిస్తే ఆమె ఏమైపోవాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఆయన స్టేషన్ కబురు ఒక్కటీ ఇంట్లో చెప్పలేదు. ఎక్కడికెళ్లారంటే కాల్ అనేవారు, ఏమైందంటే ఆర్పేశాం అనేవారు. కథలు రాలేదని కాదు నా బాధ. ఆ బరువంతా ఎవరికీ చెప్పకుండా లోపలే పెట్టుకున్నారు, అలా చేసింది నేను.

అందుకే చెబుతున్నాను, అల్లుడు ఇంటికొచ్చి చెప్పుకునేది నీ కథకు ముడిసరుకు కాదు. చెబుతున్నప్పుడు మనసులో కూడా నోట్స్ రాసుకోకు, కళ్లలో తెలిసిపోతుంది. ఎప్పుడైనా అందులోంచి తీసుకోవాలనిపిస్తే ఒకటి రెండేళ్లు ఆగు, ఆయన్ని అడుగు, వద్దంటే మానెయ్. నువ్వు రాయగలిగినవి నీ వైపు బోలెడున్నాయి. కంచం మీద మూత తీసి, మళ్లీ పెట్టి, మూడోసారి తీసేసరికి పప్పు ఎండిపోవడం. బండి తిరిగొచ్చినప్పుడు క్వార్టర్స్ ఆడవాళ్లందరం గేటు దగ్గరికి ఊరికే నడుస్తున్నట్టు వెళ్లి తలలు లెక్కపెట్టుకోవడం. బావిలో పడ్డ గేదెను తీసి, దాని చేత తన్నులు తిని వచ్చినాయన నడుముకు నువ్వు జండూబామ్ రాయడం. ఇవి వాళ్లు రాయలేరు.

మీ అత్తగారి గురించి రాశావు, రాస్తూ కూర్చుంటే ముఖం మాడ్చుకుంటారని. దాచిపెట్టి రాయకు, ఆవిడకే చదివి వినిపించు. మా అత్తగారికి అక్షరం ముక్క రాదు. ఒకసారి విసుగొచ్చి గట్టిగా చదివితే విని, "గడ్డివాము ఏంటే, మా ఊళ్లో గడ్డిమేటు అంటాం" అని తప్పు పట్టారు. ఆ రోజు నుంచి నా మొదటి ఎడిటర్ ఆవిడే. పారితోషికం మనియార్డర్ వచ్చినప్పుడు సంతకం నాది, లెక్కపెట్టుకోవడం ఆవిడది.

ఏమీ రాయని రోజులూ ఉంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నాం. పడిపోయిన చెట్లు కోయడానికి వెళ్లిన మనిషి నాలుగో రోజు వచ్చారు, అరచేతుల నిండా బొబ్బలతో. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాలకు క్యూ. ఒక్క ముక్క రాయలేదు, రాయాలనీ అనిపించలేదు. ఇలాంటప్పుడు లెక్కలు వేసుకుని కుమిలిపోకు.

జూలైలో మీ ఊరు వస్తాను. సగంలో ఆగినవన్నీ తీసి పెట్టు, కూర్చుని చూద్దాం. పిల్లాడిని మీ పెదనాన్న ఆడిస్తారు. ఆయన పని ఆయనకుంది, రిటైరయ్యాక కూడా ఎవరింటికెళ్లినా ముందు వంటింట్లోకి వెళ్లి గ్యాస్ పైపు ఎన్నేళ్లదని అడుగుతారు. మీది పాతదైతే మేం వచ్చేలోగా మార్చెయ్, లేకపోతే కథల సంగతి పక్కనపెట్టి ఆ పూటంతా దాని మీదే క్లాసు.

మీ పెద్దమ్మ