పది లైన్ల కోడ్ కోసం రాత్రుళ్లు మేలుకుంటున్నాడు, ఎథికల్ హ్యాకింగ్‌లో చేర్పించమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాడు. లినక్స్ డెస్క్‌టాప్‌లో ఏదో ఫైల్ పర్మిషన్ లోపం సరిచేస్తున్నానని కొన్ని వారాలుగా రాత్రుళ్లు మేలుకుంటున్నాడు. తీరా చూస్తే రాసింది పది లైన్లు కూడా లేదు. డబ్బు రాదు, సర్టిఫికెట్ రాదు. ఇంటర్నెట్ నుంచి ఎవరూ వాడుకోలేరట, ఆ కంప్యూటర్లో లాగిన్ అయినవాళ్లకే ఆ లోపం పనికొస్తుందట. స్నేహితులంతా ఎథికల్ హ్యాకింగ్ కోర్సుల్లో చేరిపోయారు. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. వాడు పంపిన మార్పు వివరాలు జత చేస్తున్నాను. - ఒక తల్లి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది గానీ లోపలి భయం ఒకటే: అందరి పిల్లలూ ముందుకు వెళ్లిపోతున్నారు, మావాడు వెనకబడిపోతాడేమో అని. ముందు ఆ టెన్షన్ తీసేస్తాను. మీరు పంపిన వివరాలు పూర్తిగా చదివాను. మీ అబ్బాయి వెనకబడలేదు.

వాడు చేస్తున్నదేమిటో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి. తెర వెనక నడిచే ఒక సర్వీసు వైఫై పాస్‌వర్డ్‌లను ఒక ఫైల్లో దాస్తుంది. ఆ ఫైల్‌కి పర్మిషన్ 0600, అంటే దాని యజమాని తప్ప మామూలు యూజర్ ఎవరూ చదవలేరు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ సెట్టింగ్ మార్చినప్పుడల్లా పాత ఫైల్‌ని బ్యాకప్‌గా రాసిపెడుతుంది. ఆ బ్యాకప్‌కి ఏ పర్మిషన్ ఉండాలో కోడ్‌లో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే చాలా సిస్టమ్‌లలో 0644 వస్తుంది. ఇక ఆ కంప్యూటర్లో ఖాతా ఉన్న ఎవరైనా దాన్ని తెరిచి పాస్‌వర్డ్ చదువుకోవచ్చు.

మీ అబ్బాయి మొదట ఒకే లైన్ రాశాడు: ఫైల్ తయారయ్యాక పర్మిషన్ 0600కి మార్చు, అంతే. ఆ ప్రాజెక్టులో కోడ్ చూసే పెద్దమనిషి ఒప్పుకోలేదు. ఫైల్ పుట్టడానికీ పర్మిషన్ మారడానికీ మధ్య ఉన్న ఆ రెప్పపాటులో ఎవరైనా తెరిస్తే ఏం చేస్తావని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. లినక్స్ పర్మిషన్‌ని ఫైల్ తెరిచేటప్పుడే చూస్తుంది. ఒకసారి తెరిచినవాడు, ఆ తర్వాత మీరు పర్మిషన్ ఎంత బిగించినా చదువుతూనే ఉండగలడు. కాబట్టి ఫైల్ పుట్టడమే 0600తో పుట్టాలి. అదే పేరుతో ఎవరైనా ముందుగా సింబాలిక్ లింక్, అంటే వేరే ఫైల్‌కి దారి మళ్లించే గుర్తు, పెట్టి ఉంటే ప్రోగ్రామ్ దాని వెంట పోకుండా ఆగిపోవాలి. తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది: ఇప్పటికే జనం కంప్యూటర్లలో పడి ఉన్న పాత బ్యాకప్‌ల మాటేమిటి? పది లైన్లకి వారాలు పట్టింది ఇందుకే.

ఇదేదో చిన్నపిల్లల లెక్క అనుకోకండి. 2021 జులైలో విండోస్‌లో దాదాపు ఇలాంటి లోపమే బయటపడింది. పాస్‌వర్డ్‌ల గుప్తరూపాలు (హ్యాష్‌లు) ఉండే శామ్ అనే ఫైల్‌ని మామూలు యూజర్లు కూడా చదివేలా పర్మిషన్లు ఉండిపోయాయి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచీ అదే పరిస్థితి. సిస్టమ్ నడుస్తున్నప్పుడు అసలు ఫైల్ లాక్ అయి ఉంటుంది, కానీ విండోస్ తీసిపెట్టుకునే బ్యాకప్‌లైన షాడో కాపీల్లోని నకళ్లను చదవొచ్చు. ఆగస్టులో అప్‌డేట్ వచ్చింది. అయినా పాత షాడో కాపీలను విడిగా తొలగించాల్సిందేనని మైక్రోసాఫ్ట్ చెప్పాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్నే ఇప్పుడు మీ ఇంట్లో కుర్రాడి ముందుంది.

లాగిన్ అయినవాళ్లకే కదా అన్నారు. దాడి చేసేవాళ్లు చాలాసార్లు రెండు మెట్లలో వస్తారు. ఒక మెయిల్ అటాచ్‌మెంటో, బ్రౌజర్ లోపమో పట్టుకుని మామూలు యూజర్‌గా లోపలికొస్తారు. అక్కడి నుంచి పెత్తనం సంపాదించడానికి కావాల్సింది ఇలాంటి లోకల్ లోపమే.

ఇక ఎథికల్ హ్యాకింగ్, అంటే లోపాలు కనిపెట్టడానికి అనుమతితో చొరబడి చూడటం. ఆ రంగం మీద నాకు గౌరవం ఉంది. దాని పేరుతో నడుస్తున్న కోర్సుల్లో చాలావాటి మీద మాత్రం నమ్మకం లేదు. భద్రతా పరీక్షల కోసం తయారైన కాలీ లినక్స్ ఇన్‌స్టాల్ చేయిస్తారు, ఎన్‌మ్యాప్, మెటాస్‌ప్లాయిట్ లాంటి రెడీమేడ్ టూల్స్ నడిపిస్తారు, కావాలనే లోపాలు పెట్టి తయారుచేసిన మెషీన్‌లోకి చొరబడమంటారు. తెర మీద రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అని కనిపించగానే పిల్లలకి ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. తప్పు ఏ లైన్‌లో జరిగింది, ఎలా సరిచేయాలి అని అడగండి, చాలామంది నోరు మెదపరు. ఇంటర్వ్యూలో అడిగేది ఆ ప్రశ్నే. బగ్ బౌంటీల్లో, అంటే లోపం కనిపెట్టి చెప్పినవాళ్లకి కంపెనీలు ఇచ్చే బహుమతుల్లో, డబ్బు వస్తుందనే ఆశ ఇంకొకటి. అక్కడ సాధారణంగా మొదట చెప్పినవాడికే బహుమతి. అదే లోపం రెండోవాడు ఎంత కష్టపడి కనిపెట్టినా చేతికేమీ రాదు. దాన్ని జీవనాధారంగా లెక్కేసుకుని చదువు పక్కన పెట్టిన పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మీకొక నిష్ఠూరపు మాట. మీ ఉత్తరంలో స్నేహితుల గురించి ఉంది, సర్టిఫికెట్ గురించి ఉంది, డబ్బు గురించి ఉంది. వాడేం చేస్తున్నాడో కూర్చోబెట్టి అడిగానన్న మాట ఒక్కటీ లేదు. లైన్లు లెక్కపెట్టారు గానీ అర్థం అడగలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టుంది వ్యవహారం. బయటివాళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్లు, వాడి కోడ్‌ని వరస పెట్టి చదివి ప్రశ్నలడుగుతున్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం పైసా రాదంటున్నారు. ఈ వయసులో పిల్లల్ని కుంగదీసేది ఇదే. ఈ రాత్రికి వాడి పక్కన కూర్చుని, ఆ రెప్పపాటు సంగతి నాకూ చెప్పు అని అడగండి. సగం అర్థమైనా చాలు.

పోల్చమన్నారు కాబట్టి క్లుప్తంగా: సర్టిఫికెట్ రెజ్యూమె మొదటి వడపోత దాటిస్తుంది, కొన్ని కంపెనీల్లో అది అవసరమే. అంగీకారం పొందిన ప్యాచ్ (లోపం సరిచేసే కోడ్ మార్పు) ఆ తర్వాతి సంభాషణంతా నడిపిస్తుంది. ప్రొడక్ట్ సెక్యూరిటీ, ఆపరేటింగ్ సిస్టమ్ డెవలప్‌మెంట్, రెడ్ హ్యాట్, కెనానికల్ లాంటి లినక్స్ కంపెనీలు, ఇలాంటి చోట్ల ఎవరైనా తెరిచి చూసుకోగల పని ఉండటం పెద్ద బలం.

మీ అబ్బాయికి రెండు జాగ్రత్తలు చెప్పండి. ప్రయోగాలన్నీ సొంత వర్చువల్ మెషీన్‌లోనే (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్ లాంటిది) చేయాలి, కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లలో అనుమతి లేకుండా వేలు పెట్టకూడదు. అప్‌డేట్ విడుదలయ్యేదాకా లోపం వివరాలు సోషల్ మీడియాలో పెట్టకూడదు, ప్రాజెక్టు సెక్యూరిటీ బృందానికి విడిగా చెప్పే దారి ఉంటుంది. ప్యాచ్‌తో పాటు బ్యాకప్ పర్మిషన్‌ని పరీక్షించే చిన్న టెస్ట్ కూడా రాయమనండి. ఇప్పటికే ఎవరైనా చదివేసి ఉండొచ్చు కాబట్టి పాస్‌వర్డ్ మార్చుకోమనే సూచన విడుదల నోట్‌లో ఉండాలి. అది వాడే అడిగితే ఇంకా మంచిది.

నిద్ర, సెమిస్టర్ మార్కులు దెబ్బతింటుంటే వారంలో కొన్ని రాత్రులకే పరిమితం చేయండి, పని మాత్రం మాన్పించకండి. కోర్సు ఫీజు ఇప్పుడే కట్టొద్దు. చివరి ఏడాదిలో కూడా వాడికి దాడి చేసే వైపే ఆసక్తి ఉంటే, చేత్తో చేయించి పరీక్షించే ఓఎస్‌సీపీ సర్టిఫికెట్ లాంటిది చూద్దాం. అప్పుడు మళ్లీ రాయండి, ఆ ప్యాచ్ విడుదలైందో లేదో కూడా చెప్పండి.