పరుపు మార్చేముందు మంచం చూడండి

అన్నా, మీరు 85 కిలోలు, వదిన 50. మీరు పక్కకు తిరిగితే చాలు ఆమెకు మెలకువ వస్తోంది, పైగా కడప ఎండకు ఫోమ్ పరుపు వీపు కాలుస్తోంది అన్నారు. ముందు ఆ పరుపు ఎత్తి మంచం పలకలు చూడండి. నడుమ వంగినా, పలకల మధ్య సందు 3 అంగుళాలు దాటినా ఎంత ఖరీదైన పరుపైనా కుంగుతుంది. కార్పెంటర్‌తో నడిమధ్య ఒక అడ్డకర్ర, దాని కిందొక కాలు వేయించండి. స్టోరేజీ మంచమైతే ప్లైవుడ్‌కు అక్కడక్కడా రంధ్రాలు కొట్టిస్తే గాలి ఆడుతుంది.

ఇక పరుపంటారా, పాకెట్ స్ప్రింగ్ లేదా లేటెక్స్ (రబ్బరు నురగ పరుపు) తీసుకోండి. మామూలు స్ప్రింగులు ఒకదానికొకటి తగిలించి ఉంటాయి కాబట్టి ఒకరు కదిలితే పరుపంతా ఊగుతుంది. పాకెట్‌లో ఒక్కో స్ప్రింగు విడిగా గుడ్డ సంచిలో ఉంటుంది. మెమరీ ఫోమ్, అంటే ఒంటి ఆకారానికి తగ్గట్టు దిగే ఫోమ్, కదలికను ఆపుతుంది కానీ వేడి పట్టి ఉంచుతుంది. మన మే నెలకు నేనైతే వద్దంటాను. మంచం కూడా మార్చేదుంటే 78 బై 72 అంగుళాలది తీసుకోండి, 60 అంగుళాల వెడల్పు ఇద్దరికి ఇరుకే.

షాపులో చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. ఇద్దరూ పది నిమిషాలు పడుకోండి, సేల్స్‌మన్ ఎలా చూసినా సరే. పక్కకు తిరిగితే భుజం కాస్త దిగాలి, వెల్లకిలా ఉంటే నడుము కింద చెయ్యి సులువుగా దూరకూడదు.