గోదావరి డెల్టాలో క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కు, పెళ్లికి ఏం వండుతారు, ఏం పాడతారు, ఏం ఇస్తారు?

మతం మారినా గోదావరి మర్యాద మారలేదన్నది నా సమాధానం. 1836లో భారత్‌కు వచ్చిన బౌడన్, బీర్ అనే మిషనరీలు ఆ తర్వాత ఇక్కడి నరసాపురంలో పని మొదలుపెట్టారు. పండుగ పిండివంటలు మాత్రం ఊరివే: అరిసెలు, కజ్జికాయలు, జంతికలు. క్రిస్మస్ నాడు వాటిని పళ్లెంలో సర్ది హిందూ, ముస్లిం ఇళ్లకూ పంపుతారు. సంక్రాంతికి ఆ పళ్లెం మళ్లీ నిండి వస్తుంది. నాకు ఈ ఇచ్చిపుచ్చుకోవడమే అసలు పండుగ.

డిసెంబరు రాగానే ఇంటిముందు నక్షత్రం వెలుగుతుంది. రాత్రిళ్లు డోలక్, తాళాలతో ఇంటింటికీ తిరిగి పాడతారు. తెలుగు క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి రాగం, తాళం పేర్లు ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు కర్ణాటక బాణీల్లో రాశారు, అందుకే అవి పరాయి పాటల్లా వినిపించవు.

పెళ్లి చర్చిలో జరుగుతుంది. వధువు తెల్లచీర కడుతుంది, చాలామంది తాళి కూడా కడతారు. పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లేటప్పుడు సారె వెంట వెళ్లాలి. మినప సున్నుండలు, లడ్డూలు, తాపేశ్వరం మడతకాజాలు, ఆత్రేయపురం పూతరేకులు బుట్టల్లో సర్దుతారు. బోర్లించిన వేడి కుండమీద పల్చటి బియ్యప్పిండి జావను గుడ్డతో అద్ది తీసిన రేకు అది, ఉల్లిపొరకన్నా పల్చన. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సారెను అత్తవారు దాచుకోరు, వీధంతా పంచుతారు.