అంబాసిడర్ వెనక ఆక్సిల్‌లో ఆయిల్ కారితే

చి. నానికి,

ఆశీస్సులు. తాతగారి మార్క్ 2 అంబాసిడర్ వెనక ఇరుసు హౌసింగ్ (గేర్లను కప్పే ఇనుప గుల్ల) కింద రోజూ ఆయిల్ మరక పడుతోందని, పినియన్ సీల్ (ముందు నుంచి వచ్చే షాఫ్ట్ తిప్పే చిన్న గేరు దగ్గర ఆయిల్‌ను ఆపే వలయం) మార్చేద్దామని మెకానిక్ అన్నాడని రాశావు. మార్చనివ్వు గానీ, ఈ వారం కాదు. ఆ హౌసింగులోంచి ఆయిల్ బయటికి రావడానికి దారులు చాలా ఉన్నాయి: ముందు పినియన్ సీల్, క్రౌన్ పినియన్ గేర్లను మోసే క్యారియర్ హౌసింగుకు అతికే అతుకు దగ్గర ప్యాకింగ్, ఆ అతుకు స్టడ్ల మరలు, రెండు చివర్ల హబ్బు (చక్రం బిగించే భాగం) సీళ్లు, కింది డ్రెయిన్ ప్లగ్. ఏ దారిన వస్తోందో తేలకుండా విప్పితే డబ్బూ పోతుంది, మరకా పోదు.

పైగా బండి నడిచేటప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది. ముందున్న పినియన్ దగ్గర కారింది హౌసింగ్ అడుగున చేరి అక్కడినుంచి బొట్లుగా పడుతుంది. మరక పడిన చోటు చూసి తప్పెక్కడో చెప్పలేం.

ముందుగా బండిని చదునైన నేల మీద ఆపి, వెనక ఇరుసును కిరసనాయిలు, బ్రష్షుతో కడుగు. గట్టిపడిన మడ్డినంతా గీకెయ్యి. బాగా ఆరాక పినియన్ చుట్టూ, అతుకు పొడవునా, బ్రేక్ ప్లేట్ల లోపలి పక్కా సుద్దపొడి చల్లు. ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చి టార్చి వేసి చూడు. మొదట ఎక్కడ తడిసిందో పొడే చెబుతుంది. పినియన్ సీల్ పోతే ఫ్లాంజ్ (పినియన్ మొనకు బిగించిన, షాఫ్ట్ కలిసే పళ్లెం) తిరిగే వరసలోనే బండి అడుగు రేకు మీద ఆయిల్ చిమ్మిన గీత కూడా కనబడుతుంది.

పొడి చల్లే ముందే చూడవలసినవి రెండున్నాయి. ఒకటి బ్రీదర్. ఆక్సిల్ గొట్టం పైన ఉండే చిన్న గాలి రంధ్రం అది. దూరం నడిచాక లోపలి ఆయిల్ వేడెక్కి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మట్టితో పూడిపోయి ఉంటే ఆ గాలికి వేరే దారి లేక సీల్ పెదవిని (లోపలి అంచును) తోసుకుని ఆయిల్‌తో సహా బయటపడుతుంది. అలాంటప్పుడు కొత్త సీల్ వేసినా నెల తిరక్కుండానే కారుతుంది. విప్పి కిరసనాయిల్లో నానబెట్టి, సన్నని తీగతో శుభ్రం చేసి, నోటితో ఊది చూసి బిగించు. వానాకాలంలో వేడి మీదున్న ఆక్సిల్ నిలవ నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బ్రీదర్, సీళ్ల గుండా నీళ్లను లాక్కుంటుంది. ప్లగ్ తీసినప్పుడు ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే అదే కారణం. ఇక ఆ ఆయిల్ పనికిరాదు.

రెండోది మట్టం. హౌసింగ్ వెనక పక్కనున్న ప్లగ్ తీస్తే ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి, అంతకు మించకూడదు. చాలామంది బండి వెనక భాగం జాకీ మీద ఉండగానే ఆయిల్ పోస్తారు. అప్పుడు హౌసింగ్ ముందుకు వాలి ప్లగ్ రంధ్రం ఎత్తుకు పోతుంది కనుక లోపల ఎక్కువ పడుతుంది. ఎక్కువైన ఆయిల్ మలుపుల్లో గొట్టాల వెంట పారి హబ్బు సీళ్ల మీదికి పోతుంది. ప్లగ్ తీయగానే ఆయిల్ బయటికి కారితే, మట్టానికి దిగేదాకా కారనిచ్చి బిగించు. సగం ఫిర్యాదులు ఈ రెండింటితోనే తీరిపోతాయి.

పినియన్ సీలేనని తేలితే పని ఇలా చెయ్యాలి. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బండిని గట్టి స్టాండ్ల మీద నిలుపు. ఇటుకల మీద గానీ, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని గానీ కింద దూరకు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కూ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే పొడవాటి షాఫ్ట్) ఫ్లాంజ్‌కూ ఎదురెదురుగా గుర్తు పెట్టి, నాలుగు బోల్టులు తీసి షాఫ్ట్‌ను పక్కకు కట్టు. ఇప్పుడు ఫ్లాంజ్‌ను చేత్తో పట్టుకుని పైకీ కిందికీ కదుపు. ఆట తగిలిందంటే పినియన్ బేరింగులు అరిగినట్టే. పినియన్ ఊగుతుంటే ఎంత ఖరీదైన సీలైనా నిలవదు. అప్పుడిది సీల్ పని కాదు, క్యారియర్ దించి బేరింగులు మార్చి షిమ్ములు (సందు నింపే పల్చని రేకులు) సరిచేసే పని. చేయి తిరిగినవాడికే అప్పగించు.

ఆట లేకపోతే నట్టు విప్పేముందు నట్టుకూ పినియన్ మొనకూ కలిపి పంచ్‌తో చుక్క పెట్టు. ఫ్లాంజ్ తిరక్కుండా దాని రంధ్రాలకు పొడవాటి ఇనుప పట్టీ బిగించి నేలకు ఆనించు. ఫ్లాంజ్ రాకపోతే పుల్లర్‌తో లాగాలి, సుత్తి వద్దు. సుత్తి దెబ్బ తిన్నగా పినియన్ బేరింగుకు తగులుతుంది. ఫ్లాంజ్ బయటికొచ్చాక సీల్ ఆనే చోట గోరు పెట్టి గీరు. గోరు గాడిలో పడితే పాత సీల్ అక్కడ లోహాన్ని తినేసిందన్నమాట. పల్చని స్లీవ్ (లోహపు తొడుగు) తొడిగించు, లేదా కొత్త సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి, పెదవి కొత్త చోట ఆనేలా కూర్చోబెట్టు. ఈ గాడిని చూడకుండా సీళ్లు మార్చుకుంటూ పోవడమే అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు.

కొత్త సీల్ కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లి లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వెర్నియర్‌తో కొలిపించు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనైనా బండి పేరు చెబితే లేదనే దుకాణదారు కొలత చెబితే తీసిస్తాడు. బిగించేటప్పుడు స్ప్రింగ్ ఉన్న పక్క లోపలికి, ఆయిల్ వైపుకి ఉండాలి. పెదవికి కాస్త గ్రీజు రాసి, సీల్ బయటి అంచుకు సరిపడే గొట్టం ముక్క పెట్టి, చుట్టూ సమంగా తట్టు. పాత రకం తోలు సీల్ దొరికితే ముందు ఆయిల్లో నానబెట్టాలి. ఫ్లాంజ్ పళ్ల గాడుల్లో, వాషర్ కింద పల్చగా ఆయిల్ కారనివ్వని పేస్ట్ రాయడం మరిచిపోకు. సీల్ బాగున్నా ఆ గాడుల వెంట ఆయిల్ వచ్చేస్తుంది.

నట్టును చుక్కలు కలిసేదాకా బిగించు. మధ్యలో గుండ్రంగా ఉబ్బిన ఈ బాంజో ఆక్సిల్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లిష్ కారు నుంచి వచ్చినదే. ఆ కాలపు బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఆక్సిళ్లకు చెప్పిన బిగుతు 140 పౌండ్-అడుగులు, అంటే సుమారు 190 న్యూటన్ మీటర్లు. కాబట్టి అందాజాగా కాకుండా టార్క్ రెంచ్ పెట్టే బిగించాలి. చివర్న పినియన్‌ను చేత్తో తిప్పితే విప్పకముందు ఎంత బరువుగా తిరిగిందో ఇంచుమించు అంతే ఉండాలి.

అతుకు దగ్గర కారుతుంటే పని పెద్దది. ఆయిల్ దించి, రెండు ఆక్సిల్ షాఫ్టులూ బయటికి లాగాకే క్యారియర్ వస్తుంది. అది బరువైనది, కింద జాకీ పెట్టి మరో మనిషి సాయంతో దించు. రెండు ముఖాలూ గీకి, సమంగా ఉన్నాయో లేదో ఉక్కు స్కేలు ఆనించి చూడు. కొత్త ప్యాకింగ్‌కు పేస్ట్ పల్చగా చాలు. దండిగా పూస్తే లోపలికి పిండుకున్న ముక్కలు ఊడి ఆయిల్లో తిరుగుతాయి. స్టడ్ల మరలకూ పేస్ట్ రాసి, నట్లు ఎదురెదురుగా బిగించు.

చక్రం డ్రమ్ములో తడి ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం వద్దు, ఆ పక్క బ్రేకు పట్టదు, బండి పక్కకు లాగేస్తుంది. ముందు అది గేర్ ఆయిలా, బ్రేక్ ఆయిలా తేల్చుకో. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన వేస్తుంది. బ్రేక్ ఆయిల్ పల్చన, నీళ్లలో కలిసిపోతుంది. గేర్ ఆయిలైతే హబ్బు సీల్, షాఫ్ట్ ఫ్లాంజ్ కింది కాగితం ప్యాకింగ్ రెండూ మార్చు. ఆ ప్యాకింగ్ మందం ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. షాఫ్ట్ ఫ్లాంజ్ బేరింగును నొక్కిపట్టి ఉండాలి, మందం పెరిగితే బేరింగ్ వదులై హబ్బు ఊగి కొత్త సీల్‌నూ పాడుచేస్తుంది. హబ్బు నట్ల మర రెండు పక్కలా ఒకే దిశలో ఉండదు, మర చూసుకుని పానా వెయ్యి. ఆయిల్ తాగిన బ్రేకు లైనర్లను పెట్రోలుతో కడిగినా, కాల్చినా బాగుపడవు. రెండు పక్కలా మార్చెయ్యి. పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి ఊదకు, తడిగుడ్డతో తుడువు.

ఆయిల్ మార్చేటప్పుడు ముందు పై ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింది ప్లగ్ విప్పు. పైది తుప్పుపట్టి రాకపోతే ఖాళీ ఆక్సిల్‌తో చిక్కుకుపోతావు. దించిన ఆయిల్లో సన్నని బూడిదరంగు పొడి మామూలే, చేతికి తగిలే ఇనుప రజను, పళ్ల ముక్కలు ఉంటే బండి తీయకు. పోయవలసింది హైపాయిడ్ ఇ.పి. 90 (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే గేర్ ఆయిల్), సుమారు ఒకటింబావు లీటరు పడుతుంది, చివరి మాట మాత్రం ప్లగ్ రంధ్రానిదే. ఇంజను ఆయిల్ పోయకు. హైపాయిడ్ పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ తిరుగుతాయి, ఆ ఒత్తిడికి దాని పొర నిలవదు.

బిగించాక యాభై కిలోమీటర్లు నడిపి, బండి చల్లారాక మట్టం మళ్లీ చూడు. ఈలోగా సుద్దపొడి పరీక్ష చేసి, మొదట ఎక్కడ తడిసిందో ఫొటో తీసి పంపు. ఏం కొనాలో దాన్ని చూసే చెబుతాను.

మీ బాబాయి