రెండు కట్టలూ విప్పెయ్

తమ్ముడూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు లేదని అలిగి ఉంటావు. నువ్వు పంపింది ఒట్టి ఉత్తరమే అయితే ఆ పూటే రాసేవాణ్ణి. ఆరు వారాలకే ఆగిపోయిన నీ సిట్‌కామ్, అదే ఆ టీవీ హాస్య సీరియల్ గురించి ప్రేక్షకులు అన్న మాటలన్నీ కాగితాల మీదికి ఎత్తి రాశావు. మెచ్చుకున్నవి ఒక కట్ట, తిట్టినవి ఒక కట్ట కట్టి, పైన "వీళ్లలో ఎవరు చెప్పింది నిజం గురువుగారూ?" అని చీటీ పెట్టి పంపావు. అన్నీ చదివేసరికి ఇన్నాళ్లు పట్టింది.

పొగడ్తలకి ఎర్రదారం, తిట్లకి నల్లదారం! ఆ శ్రద్ధలో పావు వంతు ఐదో ఎపిసోడ్ మీద పెట్టి ఉంటే నాకీ పని తప్పేది. దాని సంగతికి వస్తాను, ఉండు.

"లోకో భిన్నరుచిః" అని నిన్ను ఓదార్చను. మన బోటి వాళ్లకి అంత సుఖమైన మాట ఇంకోటి లేదు. ఎవడు తిట్టినా "వాడి రుచి వేరులే" అనుకుని ముసుగుతన్ని పడుకోవచ్చు. అలాగని తలలు లెక్కపెట్టి, తిట్టినవాళ్లే ఎక్కువ కాబట్టి రాసిందంతా చెత్తేనని కూలబడమనీ అనను. నేనేం చేశానో చెప్తాను. రెండు దారాలూ విప్పి కాగితాలన్నీ కలిపేశాను. మెచ్చుకున్నారా తిట్టారా అన్నది పక్కన పెట్టి, ఎవరు ఏ సీను గురించి మాట్లాడారో చూసి మళ్లీ సర్దాను.

మూడో ఎపిసోడ్‌లో బాత్రూం సీను ఉంది కదా. కుర్రాడికి ఏడు నెలల తర్వాత ఒక ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూ వస్తుంది. ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం. కడుపు చెడింది. ఫోన్ మోగేసరికి లోపల ఉన్నాడు. బయట ఇంటాయన తలుపు బాదుతున్నాడు. అవతలాయన ఫోన్‌లో నెమ్మదిగా అడుగుతాడు: "ఒత్తిడి వచ్చినప్పుడు ఎలా తట్టుకుంటారు?" వీడు చెమటలు తుడుచుకుంటూ, "అలవాటేనండీ" అంటాడు. మోటు జోకే. కానీ నేను నవ్వాను. ఒకసారి కాదు, చదివిన ప్రతిసారీ.

ఈ సీనుని తిట్టిన ఒకాయన ఒకటిన్నర పేజీ రాశాడు. ఎంత రోతగా ఉందో రుజువు చెయ్యడానికి డైలాగులన్నీ వరసగా అప్పజెప్పాడు, ఒక్కటీ పొల్లుపోలేదు. మెచ్చుకున్న ఒకావిడ కూడా ఇదే సీను, ఇవే డైలాగులు ఎత్తి చూపింది. ఇద్దరికీ ఆ కుర్రాడి పేరు గుర్తుంది. ఇంకో చిత్రం చూశావా? ఆ తిట్టినాయన చిట్టచివర, "ఇంతకీ ఆ ఉద్యోగం వచ్చిందా లేదా?" అని అడిగాడు. ఆ కాగితాన్ని నువ్వు నల్లదారం కట్టలో కట్టేశావు!

ఇప్పుడు ఐదోది. పక్కింటావిడ వీళ్లింటికొచ్చి కుర్చీలో కూర్చుంటుంది, లేవబోతే కుర్చీ కూడా వస్తుంది. నలుగురు పట్టి లాగుతారు. నాలుగు నిమిషాల సీను. మెచ్చుకున్నవాళ్లు "లావుపాటావిడ సీను కేక" అన్నారు. తిట్టినవాళ్లు "ఆ లావుపాటావిణ్ణి అలా చూపిస్తారా" అన్నారు. ఆవిడ పేరేమిటో ఒక్కరూ చెప్పలేదు. ఎవరైనా మర్చిపోయారేమోనని నీ స్క్రిప్టు తీసి చూశాను. నువ్వే పెట్టలేదు. "పక్కింటి ఆవిడ" అనే ఉంది, ఆరు పేజీల్లోనూ.

కాబట్టి నీ షో వెకిలిగా ఉందన్న మాట దగ్గర ఆగిపోకు. కడుపు, గురక, తుమ్ము, జారిపోయే ప్యాంటు, ఇవన్నీ మనిషికి ఒళ్లున్నన్నాళ్లూ నవ్వు పుట్టిస్తాయి. బాత్రూం కుర్రాడికి ఆ క్షణంలో ఒక్కటే కావాలి: ఉద్యోగం. అది చేజారుతుందేమోనని మనకీ భయం, ఆ భయం మీద నవ్వు. కుర్చీలో ఇరుక్కున్నావిడకి ఏం కావాలి? ఏమీ లేదు. ఆవిడ లావుగా ఉంది, అంతే.

పొగిడినవాళ్ల మాట కూడా అనుమానంగానే చదువు. అమెరికాలో సీబీఎస్ అనే టీవీ సంస్థ 1971 జనవరిలో "ఆల్ ఇన్ ద ఫ్యామిలీ" అనే సిట్‌కామ్ మొదలుపెట్టింది. తిట్లు ముంచెత్తుతాయని భయపడి ఫోన్లు ఎత్తడానికి అదనంగా మనుషుల్ని పెట్టుకుంది. మొదటి ఎపిసోడ్‌కి ముందు తెర మీద సంజాయిషీ లాంటిది వేసింది. ఆ షోలో ఆర్చీ బంకర్ అనే ఇంటి పెద్ద నల్లవాళ్ల మీదా, యూదుల మీదా నోటికొచ్చింది వాగుతుంటాడు. అల్లుడు ఎదురు తిరుగుతుంటాడు. వాగేవాణ్ణి చూసి జనం నవ్వాలని తీసినవాళ్ల ఉద్దేశం. జనం నవ్వారు కూడా, ఐదేళ్లు వరసగా అదే మొదటి స్థానంలో ఉంది. అయితే నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే ఇద్దరు అమెరికా, కెనడా ప్రేక్షకుల్ని అడిగి 1974లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆ ద్వేషం తమలోనే ఎక్కువగా ఉన్నవాళ్లు అల్లుడికన్నా ఆర్చీనే ఎక్కువగా మెచ్చుకున్నారట. చివరికి గెలిచేది ఆర్చీయేనని కూడా వాళ్లకే ఎక్కువగా అనిపించిందట. మిగతావాళ్లకి అదే షోలో ఆర్చీ మీద వెక్కిరింత కనిపించింది. ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని ఈ రెండు రకాలవాళ్లూ ఒకే చోట నవ్వి ఉంటారు, ఒకరి నవ్వు ఎందుకో రెండోవాళ్లకి తెలియకుండా.

నీ ఎర్రదారం కట్టలోనూ అలాంటి కాగితం ఉంది. కుర్చీ సీను మెచ్చుకుంటూ ఒకడు, "మా ఆఫీసులో ఇలాంటిదొకత్తి ఉంది, రేపు ఇదే డైలాగు వేస్తా" అన్నాడు. దాన్ని పొగడ్త అనుకుని పైన పెట్టావు. నాకైతే ఆ రెండు కట్టల్లోనూ అంతకన్నా పెద్ద తిట్టు కనపడలేదు.

"మా ఉద్దేశం అది కాదు, వాళ్లకి అర్థం కాలేదు" అనే జవాబు నీ నాలుక చివర ఉందని తెలుసు. బ్రిటన్‌లో 1990లో గెలాక్సీ అనే శాటిలైట్ ఛానల్ "హైల్ హనీ ఐయామ్ హోమ్" అనే సిట్‌కామ్ వేసింది. హిట్లర్, అతని ప్రియురాలు ఇవా బ్రౌన్ కాపురం, పక్కింట్లో యూదు దంపతులు. పాతకాలపు అమెరికన్ సిట్‌కామ్ ఏదో దుమ్ములోంచి బయటపడిందన్నట్టు తీశారు. ఒక్క ఎపిసోడ్‌తో ఆపేశారు. టీవీలో ఇంతకన్నా రోత లేదన్నవాళ్లున్నారు, వెక్కిరింత ఆ పాత సిట్‌కామ్‌ల మీదే, జనం దాన్ని పట్టుకోలేకపోయారన్నవాళ్లూ ఉన్నారు. ఉద్దేశం అదేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ జోకు పేరులోనే అయిపోయింది: "హైల్ హిట్లర్" అనే నాజీ వందనంలోని "హైల్"ని, "హనీ, ఐయామ్ హోమ్" అని ఇంటికొచ్చిన మొగుడు పెళ్లాన్ని పిలిచే మాటకి అతికించారు. పేరు చదివి ఉలిక్కిపడి నవ్వితే నవ్వాలి, మిగిలిన అరగంటలో కొత్తగా తెలిసేదేముంది?

షో ఆగిపోవడానికి తిట్లే కారణమని రాశావు. నాకు నమ్మకం లేదు. "మ్యారీడ్ విత్ చిల్డ్రన్" అనే అమెరికా సిట్‌కామ్ మీద 1989లో ఒక గృహిణి ప్రకటనదారులకి ఉత్తరాలు రాసి ఉద్యమమే లేవదీసింది. కొన్ని కంపెనీలు తప్పుకున్నాయి. ఆ గొడవతో చూసేవాళ్లు పెరిగారు, షో 1997 దాకా నడిచింది. నీ కాగితాలన్నీ మళ్లీ తిరగేసి చూడు. నాలుగో ఎపిసోడ్ గురించీ ఆరోదాని గురించీ రెండు కట్టల్లో కలిపి ఒక్క ముక్క లేదు. తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు. నేనైతే ముందు దానికి బెంగపడేవాణ్ణి.

ఇంకోవైపు, ఆగిపోయింది కాబట్టి ఎప్పటికో గొప్పదనం తేలుతుందన్న ఆశా పెట్టుకోకు. అమెరికా టీవీ సంస్థ ఏబీసీ 1982లో "పోలీస్ స్క్వాడ్" అనే హాస్య సీరియల్ని ఆరు ఎపిసోడ్లకి ఆపేసింది, అందులోని డిటెక్టివే 1988లో సినిమాకెక్కి థియేటర్లు అదరగొట్టాడు. నిజమే. ఆరు ఎపిసోడ్లకి ఆగినవన్నీ పోలీస్ స్క్వాడ్‌లైతే లోకంలో చెత్త అన్నదే ఉండేది కాదు.

ఇంత చెప్తున్న నేను ఏం వెలగబెట్టానో కూడా చెప్పాలి. నీకెప్పుడూ చెప్పలేదు. నీ వయసులో నేనూ ఒక సిట్‌కామ్ రాశాను, తొమ్మిది వారాలు నడిచింది. స్లాట్ మార్చి ఛానల్ వాళ్లే చంపేశారని చాలా ఏళ్లు అందరికీ చెప్పుకు తిరిగాను. అందులో ఒక పాత్రకి నత్తి పెట్టాను. వాడు నోరు తెరిస్తే జనం పడి నవ్వేవాళ్లు. నేనూ మురిసిపోయేవాణ్ణి.

ఒక రాత్రి ఎడిటింగ్ గదిలో కూర్చున్నాను. వెనక నవ్వులు అతికిస్తున్నారు. మీటలు నొక్కితే రకరకాల నవ్వులు పలికే పెట్టెని 1950ల్లోనే చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు తయారుచేశాడులే. మా ఎడిటరు దగ్గర పెట్టె లేదు, ఒక ఫోల్డర్ నిండా నవ్వులున్నాయి: చిన్న నవ్వు, పెద్ద నవ్వు, ఆడవాళ్ల నవ్వు, చప్పట్లతో నవ్వు. నత్తి పాత్ర సీను వచ్చింది. వాడు "అ... అ... అమ్మకి" అంటున్నాడు. "అమ్మకి" దాకా రాకముందే మావాడు పెద్ద నవ్వు పడేశాడు. మాట పూర్తవనీవయ్యా అన్నాను. వాడు స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా, "వాడేం చెప్తాడో ఎవరిక్కావాలి సార్?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. కానీ బదులు చెప్పలేకపోయాను. అమ్మకి ఏమైందో స్క్రిప్టులో నేనూ సరిగ్గా రాయలేదు.

ఆ నెలలోనే ఒక కార్డు వచ్చింది. రెండు వాక్యాలు. "మా అబ్బాయికి నత్తి. మీ ప్రోగ్రాం వచ్చే టైముకి గదిలోంచి లేచి వెళ్లిపోతున్నాడు." తిట్టు లేదు, ఆపేయమని లేదు, పేరు కూడా లేదు. దాన్ని తీసుకెళ్లి నా తిట్ల కట్టలో పెట్టాను. అవును, నాకూ కట్టలుండేవి. నీ దారాలు చూసి నవ్వొచ్చింది అందుకే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం మనుషులని ఆ కట్ట మొత్తాన్నీ కొట్టిపారేశాను. అందులో నిజంగా అలాంటివాళ్లూ ఉన్నారు, కాదనను. ఆ కార్డు రాసిన తల్లో తండ్రో మాత్రం ఆ కోవ కాదు. అది తెలిసేసరికి షో సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

వచ్చే నెల ఇంకో ఛానల్‌తో మాట్లాడబోతున్నానని రాశావు. సంతోషం. ఈసారి మర్యాదగా రాస్తానని మాత్రం వాళ్లకి మాటివ్వకు. బాత్రూం కుర్రాణ్ణి వదులుకుంటే నీ దగ్గర మిగిలేది కుర్చీయే. వాళ్లకి చూపించే ముందు ఆ ఐదో ఎపిసోడ్ మళ్లీ రాసి నాకు పంపు. కుర్చీ ఉంచు, ఇరుక్కోవడం కూడా ఉంచు, తీసెయ్యమని నేననడం లేదు. ఆవిడ ఆ పూట ఆ ఇంటికి ఏం పని మీద వచ్చిందో, ఎంతసేపట్లో ఎక్కడికి వెళ్లాలో ముందు తేల్చుకో. లేవలేకపోతే ఆవిడకి ఏం పోతుందో తేల్చుకో. ఆ తర్వాత లాగనీ నలుగుర్నీ.

ఆవిడ పేరు మొదటి పేజీలోనే కనిపించాలి. పేరు కుదిరాక ఫోన్ చెయ్యి, పొద్దుపోయినా ఫర్వాలేదు.

ఆశీస్సులతో,
నీ గురువుగారు