5జీ ఎక్కడ తడబడుతుందో, ఉద్యోగాలు అక్కడే

ప్రశ్న: ఇంజినీరింగ్‌లో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. 5జీలో కెరియర్ బాగుంటుందని కొందరు, దాని హడావిడి అయిపోయింది, 6జీ కోసం ఆగమని కొందరు అంటున్నారు. అసలు 5జీ వల్ల లాభాలేమిటి, లోపాలేమిటి? ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?

జవాబు: 6జీ కోసం ఆగకండి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దాని లక్ష్యాల చట్రాన్ని 2023లో ఆమోదించింది. సేవలు 2030 ప్రాంతంలో మొదలవుతాయని అంచనా. అప్పటిదాకా నడిచేది, బాగుచేయాల్సింది 5జీ నెట్‌వర్కే. ఓఎఫ్‌డీఎం (డేటాను ఎన్నో సన్నని సబ్‌క్యారియర్ల మీద పంచి పంపే పద్ధతి), బీమ్‌ఫార్మింగ్ (సిగ్నల్‌ను ఫోన్ వైపు గురిపెట్టడం), క్లౌడ్ మీద నడిచే కోర్ (నెట్‌వర్క్‌ను నడిపే కేంద్ర భాగం) ఇప్పుడు నేర్చుకుంటే తర్వాత వృథా అయ్యేవి కావు. 6జీ పేరుతో ఇప్పుడే సర్టిఫికెట్ ఇస్తామనే కోర్సులకు దూరంగా ఉండండి. ప్రమాణాలే ఇంకా పూర్తిగా తేలని దాన్ని ఎవరూ పూర్తిగా నేర్పలేరు.

ఇక లాభాలు. వేగం ఎక్కడి నుంచి వస్తుందో లెక్క కట్టి చెప్పగలగాలి. 4జీలో ఒక క్యారియర్ (ప్రసారానికి వాడే ఫ్రీక్వెన్సీ పట్టీ) గరిష్ఠ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5జీలో మధ్యస్థ బ్యాండ్లలో 100 మెగాహెర్ట్జ్ దాకా, 24 గిగాహెర్ట్జ్ పైనున్న మిల్లీమీటర్ వేవ్‌లో సాధారణంగా 400 దాకా వెళ్తుంది. 100 మెగాహెర్ట్జ్, 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్ స్పేసింగ్ (సబ్‌క్యారియర్ల మధ్య ఎడం) తీసుకోండి. 273 రిసోర్స్ బ్లాకులు, ఒక్కోదానిలో 12 సబ్‌క్యారియర్లు. 4 లేయర్లు (ఒకేసారి పంపే డేటా ధారలు), 256 క్వామ్ (ఒక్కో సింబల్‌కు 8 బిట్లు), సుమారు 0.93 కోడ్ రేటు, 14 శాతం ఓవర్‌హెడ్ వేసుకుంటే డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కు) సుమారు 2.3 జీబీపీఎస్ వస్తుంది. టీడీడీలో (ఒకే ఫ్రీక్వెన్సీని అటూ ఇటూ వంతులవారీగా వాడే పద్ధతి) నాలుగింట మూడు వంతుల సమయమే డౌన్‌లింక్‌కు ఇస్తే అది 1.75 దగ్గర ఆగుతుంది. సెల్‌లో ఉన్నవాళ్లంతా దాన్నే పంచుకోవాలి. ఇంటర్వ్యూలో ‘5జీ వేగం 20 జీబీపీఎస్, ఆలస్యం 1 మిల్లీసెకను’ అని అప్పజెప్పేవారికీ ఈ లెక్క కాగితం మీద వేసి చూపించేవారికీ తేడా వెంటనే తెలిసిపోతుంది. 20 అనేది ఆదర్శ పరిస్థితుల్లో చేరాల్సిన గరిష్ఠ లక్ష్యం. అదే ఐఎంటీ-2020 (5జీకి టెలికమ్యూనికేషన్ యూనియన్ పెట్టిన పేరు) పత్రాల్లో రద్దీ ప్రాంతాల్లోని వినియోగదారుడికి డౌన్‌లింక్‌లో పెట్టుకున్న లక్ష్యం 100 ఎంబీపీఎస్ మాత్రమే.

చదరపు కిలోమీటరుకు పది లక్షల పరికరాలు, ఒకే నెట్‌వర్క్‌ను అవసరాన్నిబట్టి విడదీసే స్లైసింగ్, సిమ్ గుర్తింపు సంఖ్యను గాలిలోకి నేరుగా పంపకుండా దాచే ఏర్పాటు... ఇవీ లాభాలే. వీటిలో స్లైసింగ్ గురించి జరిగిన ప్రచారంతో పోలిస్తే వాడకం తక్కువ.

లోపాల మీద ఎక్కువ సమయం పెట్టండి. జీతం ఇచ్చేది వాటిని సరిచేయడానికే.

మొదటిది దూరం. యాంటెన్నాల గెయిన్ మారదనుకుంటే 3.5 గిగాహెర్ట్జ్ నుంచి 28కి వెళ్లగానే ఖాళీ ప్రదేశంలోనే 18 డెసిబెళ్లు, అంటే దాదాపు 64 రెట్లు ఎక్కువ నష్టం. గోడ, లోహపు పూత ఉన్న అద్దం, చివరికి ఫోన్ పట్టుకున్న చెయ్యి కూడా అడ్డే. అందుకే సైట్లు దగ్గరదగ్గరగా కావాలి, ప్రతి సైట్‌కూ ఫైబర్ కావాలి, ఖర్చు పెరుగుతుంది.

రెండోది అప్‌లింక్, అంటే ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దారి. ఫోన్ సాధారణంగా పంపగలిగేది 200 మిల్లీవాట్లు. టవర్ రేడియో పదుల, వందల వాట్లు. టవర్ మాట ఫోన్‌కు వినిపిస్తుంది, ఫోన్ మాట టవర్‌కు చేరదు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఫొటో వెళ్లకపోవడానికి ఇది ఒక పెద్ద కారణం. కవరేజీ ప్లానింగ్‌లో కొత్తవారు డౌన్‌లింక్ మాత్రమే చూసి బోల్తా పడేది ఇక్కడే.

మూడోది ఎన్‌ఎస్‌ఏ (నాన్-స్టాండలోన్). ఇందులో రేడియో 5జీదే అయినా కోర్ 4జీదే. వేగం పెరుగుతుంది కానీ 5జీ స్లైసింగ్ ఉండదు, ఆలస్యంలో చెప్పినంత మార్పూ కనిపించదు. పూర్తి లాభం ఎస్‌ఏకి (స్టాండలోన్, కోర్ కూడా 5జీదే) మారాకే. నాలుగోది టైమింగ్. టీడీడీలో పక్కపక్క సెల్‌ల గడియారాలు ప్రామాణిక సమయానికి ±1.5 మైక్రోసెకన్ల లోపే ఉండాలి. జీపీఎస్ యాంటెన్నా కేబుల్ పాడై గడియారం జారితే ఆ ఒక్క సైట్ చుట్టుపక్కల సైట్ల అప్‌లింక్‌ను ముంచేస్తుంది. ఫిర్యాదు వచ్చేది మాత్రం పక్క సైట్ మీద! విద్యుత్తు సంగతీ ఉంది. బిట్ లెక్కన 5జీ పొదుపే, సైట్ మొత్తంగా చూస్తే బిల్లు పెరుగుతుంది. రాత్రి రద్దీ లేనప్పుడు క్యారియర్లను నిద్రపుచ్చే సాఫ్ట్‌వేర్ రాసేవారికి అందుకే గిరాకీ.

ఇప్పుడు మీ దారి. సిగ్నల్ ప్రాసెసింగ్, యాంటెన్నాలు ఇష్టమైతే రేడియో వైపు, ప్రోగ్రామింగ్ మీద చెయ్యి తిరిగితే కోర్ వైపు, రౌటింగ్, ఫైబర్ నచ్చితే ట్రాన్స్‌పోర్ట్ వైపు వెళ్లండి. మూడూ ఒకేసారి వద్దు. డ్రైవ్ టెస్ట్ (వాహనంలో తిరుగుతూ సిగ్నల్ కొలవడం), ఇన్‌స్టలేషన్ ఉద్యోగాలు త్వరగా దొరుకుతాయి. కానీ విస్తరణ తగ్గగానే అవీ తగ్గుతాయి. మొదటి ఏడాదికి పనికొస్తాయి, లాగ్ విశ్లేషణ నేర్చుకోకుండా అక్కడే ఉండిపోతే కష్టం.

కోర్ నేర్చుకోవడానికి 8 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ కంప్యూటర్ చాలు. ఓపెన్5జీఎస్‌తో కోర్, యూఈర్యాన్‌సిమ్‌తో టవర్, ఫోన్ రెండూ నడపవచ్చు. రెండూ ఉచితం. దాదాపు అందరికీ ఎదురయ్యే చిక్కులు ఇవి. టవర్ కోర్‌కు చేరకపోతే ఎంసీసీ (దేశం కోడ్), ఎంఎన్‌సీ (నెట్‌వర్క్ కోడ్), టీఏసీ (ప్రాంతం కోడ్) రెండు వైపులా ఒకటేనా చూడండి. టవర్‌ను వేరే మెషీన్ మీద పెట్టారా? ఏఎంఎఫ్ (కోర్‌లో రిజిస్ట్రేషన్ చూసే భాగం) మొదట లోకల్ చిరునామా మీదే వింటుంది, అది మార్చాలి. ‘మ్యాక్ ఫెయిల్యూర్’ (సిమ్ ధ్రువీకరణ విఫలమవడం) వస్తే ఓపీ (ఆపరేటర్ కోడ్) ఇవ్వాల్సినచోట ఓపీసీ (ఓపీ, సిమ్ కీల నుంచి లెక్కించిన విలువ) ఇచ్చారేమో, కీలో అంకె తప్పిందేమో చూడండి. రిజిస్ట్రేషన్ అయింది, సెషన్ వచ్చింది, ఇంటర్నెట్ మాత్రం లేదంటే ఐపీ ఫార్వర్డింగ్ లేదా న్యాట్ (ఐపీ చిరునామా మార్పిడి) నియమం మరిచిపోయారు. ప్రతి సందర్భంలోనూ వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్ సందేశాలు చూపే సాఫ్ట్‌వేర్) సందేశాలు పట్టి, ఏ సందేశం తర్వాత ఆగిందో రాసిపెట్టుకోండి.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. యూఈర్యాన్‌సిమ్‌లో అసలు రేడియో ఉండదు. రేడియో వైపు వెళ్లాలంటే ఎస్ఆర్ఎస్‌ర్యాన్ లేదా ఓపెన్ఎయిర్ఇంటర్‌ఫేస్ పట్టండి. ఎస్ఆర్ఎస్‌ర్యాన్‌ను జీరోఎంక్యూ (ప్రోగ్రాముల మధ్య డేటా పంపే సాఫ్ట్‌వేర్) ద్వారా హార్డ్‌వేర్ లేకుండానే నడిపించవచ్చు. నిజమైన ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) బోర్డు దొరికితే యాంటెన్నా తగిలించి ప్రసారం చేయొద్దు. లైసెన్స్ ఉన్న బ్యాండ్‌లో అనుమతి లేకుండా ప్రసారం చేయడం నేరం. కేబుల్, మధ్యలో తగినంత అటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించే పరికరం) పెట్టి కలపండి. అటెన్యుయేటర్ లేకుండా నేరుగా కలిపితే రిసీవర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

రెజ్యుమెలో ‘5జీ పరిజ్ఞానం ఉంది’ అని రాసే బదులు, మీ ల్యాబ్‌లో విఫలమైన ఒక రిజిస్ట్రేషన్ లాగ్, కారణం, మార్చిన కాన్ఫిగరేషన్, మార్చాక వచ్చిన లాగ్... ఈ నాలుగూ గిట్‌హబ్‌లో పెట్టి లింకు ఇవ్వండి.