కెన్యాకు ట్రాన్స్‌ఫార్మర్లు పంపాలంటే

మన డిస్కంలకు ఇచ్చే 11 కేవీ డిజైన్‌నే కెన్యాకు పంపొచ్చా అని అడిగారు. ఫ్రీక్వెన్సీ అక్కడా 50 హెర్ట్జే. అసలు చిక్కు ఎత్తుతో. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల పైన ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60076 మామూలు లెక్కలు 1,000 మీటర్ల వరకే. పలచటి గాలిలో ఇన్సులేషన్ బలమూ, చల్లబడటమూ తగ్గుతాయి. అందుకే ప్రతి అదనపు 100 మీటర్లకు బయటి క్లియరెన్స్ (గాలిలో కరెంటు భాగాల చుట్టూ వదిలే దూరం) 1 శాతం చొప్పున, అంటే సుమారు 8 శాతం పెంచాలి. సహజంగా చల్లబడే ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్‌కైతే ఉష్ణోగ్రత పెరుగుదల పరిమితిని 400 మీటర్లకు 1 డిగ్రీ తగ్గించుకోవాలి. ఇదంతా డ్రాయింగ్ దశలోనే తేల్చుకోండి. ట్యాంకు కవర్‌కు రంధ్రాలు పడ్డాక బుషింగ్‌లను (కరెంటును ట్యాంకు బయటకు తెచ్చే ఇన్సులేటర్లను) దూరం జరపలేరు.

సరుకు ఓడెక్కకముందే, కెన్యా ప్రమాణాల సంస్థ కెబ్స్ గుర్తించిన ఏజెన్సీతో తనిఖీ చేయించి కన్ఫార్మిటీ సర్టిఫికెట్ (సరుకు ప్రమాణాలకు తగ్గట్టు ఉందనే పత్రం) తీసుకోండి. అది లేకపోతే మొంబాసా రేవులో సరుకు ఆగి, అక్కడ నిలిచినందుకు కట్టాల్సిన డెమరేజ్ మీ మీద పడుతుంది. చెక్క ప్యాకింగ్‌పై ఐఎస్‌పీఎం 15 ముద్ర (పురుగులు లేకుండా చెక్కను శుద్ధి చేశారనే అంతర్జాతీయ గుర్తు) కూడా ఉండాలి.